హాట్‌మెయిల్ నుంచి జీమెయిల్ దాకా: మన ఊరి మెయిల్ ఐడీల చరిత్ర

మా క్లాసులో ఎవరినైనా "నీ మెయిల్ ఐడీ ఏంటి?" అని అడిగితే "జీమెయిల్ ఐడీనా?" అని తిరిగి అడుగుతారు. మాకు రెండూ ఒకటే. కానీ మా నాన్నగారి వయసువాళ్లను కదిలిస్తే వేరే పేర్లు బయటికొస్తాయి. హాట్‌మెయిల్, యాహూ, రెడిఫ్‌మెయిల్, సిఫీ, ఇండియాటైమ్స్. ఇంకొంచెం పెద్దవాళ్లయితే వీఎస్ఎన్ఎల్ అంటారు. చరిత్ర పుస్తకంలో ఒక వంశం పోయి ఇంకో వంశం వచ్చినట్టే ఇక్కడ కూడా ఒక కంపెనీ పోయి ఇంకో కంపెనీ వచ్చింది. తేడా ఏంటంటే ఇక్కడ యుద్ధాలు లేవు. జనమే మూటాముల్లె సర్దుకుని ఒక రాజ్యం నుంచి ఇంకో రాజ్యానికి వెళ్లిపోయారు.

ఎందుకు వెళ్లారు? మంచి సర్వీసు ఎక్కడుంటే అక్కడికి వెళ్లారని సులువుగా చెప్పేయొచ్చు. నాకు మాత్రం అది సగమే నిజం అనిపిస్తుంది. మనుషులు ఇంటర్నెట్‌లోకి ఏ తలుపు గుండా అడుగుపెట్టారో, ఆ తలుపు దగ్గర ఎవరు నిలబడి ఉన్నారో, వాళ్ల మెయిలే తీసుకున్నారు. ఆఫీసు తలుపు, సైబర్ కేఫ్ తలుపు, ఫోన్ తలుపు. ఈ మూడు తలుపుల కథ చెప్పడానికి బెంగళూరు కంటే మంచి ఊరు లేదు.

మొదట కొంచెం వెనక్కి వెళ్దాం. 1971లో అమెరికాలో రే టామ్లిన్సన్ అనే ఇంజనీరు ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు నెట్‌వర్క్ మీద ఉత్తరం పంపాడు. పేరుకూ కంప్యూటర్‌కూ మధ్య ఎట్ గుర్తు పెట్టింది కూడా ఆయనే. మన దేశానికి ఆ పద్ధతి చేరడానికి పదిహేనేళ్లు పట్టింది. 1986లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ, ఐక్యరాజ్యసమితి సహాయంతో ఎర్నెట్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టింది. అందులో మొత్తం ఎనిమిది చోట్లు. ఐదు ఐఐటీలు, బొంబాయిలోని నేషనల్ సెంటర్ ఫర్ సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ, ఢిల్లీలో ఆ శాఖ ఆఫీసు, ఎనిమిదోది మన బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్. జనం టాటా ఇన్‌స్టిట్యూట్ అంటారే, అదే. అంటే బయట జనానికి ఈమెయిల్ అనే మాట తెలియకముందే ఆ చెట్ల మధ్య ఉన్న ల్యాబుల్లో శాస్త్రవేత్తలు మెయిల్ పంపుకుంటున్నారు.

దానికి ఒక్క ఏడాది ముందు, 1985లో, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే అమెరికా కంపెనీ బెంగళూరులో ఆఫీసు తెరిచింది. తమ ఇంజనీర్లు అమెరికాతో మాట్లాడుకోవడానికి సొంతంగా ఉపగ్రహ లింకు పెట్టుకుంది. ఆ యాంటెన్నా సామాన్లు ఎడ్లబండి మీద వచ్చాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎడ్లబండి మీద ఉపగ్రహం సామాన్లు బెంగళూరుకు కొత్తేమీ కాదు లెండి. 1981లో ఇస్రో వాళ్లు యాపిల్ అనే ఉపగ్రహాన్నే ఎడ్లబండి మీద పెట్టి పరీక్షించారు. ఆ ఫోటో మన సైన్స్ టీచర్లందరికీ తెలుసు.

ఇవన్నీ లోపలివాళ్లకు మాత్రమే. మామూలు మనిషికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న. విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్, అంటే వీఎస్ఎన్ఎల్ అనే ప్రభుత్వ సంస్థ ఆ రోజు మొదలుపెట్టింది. ముందు ఢిల్లీ, ముంబై, కలకత్తా, చెన్నైలలో, తరవాత బెంగళూరు, పుణె. మామూలు మనిషికి అని అన్నాను గానీ ధర వింటే ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపిస్తుంది. బొమ్మలు కనిపించే పూర్తి కనెక్షన్ 250 గంటలకు 15,000 రూపాయలు. విద్యార్థులకు 500 రూపాయలకు ఒకటి ఇచ్చారు, అందులో అక్షరాలే తప్ప బొమ్మలు రావు. పైగా టెలిఫోన్ లైన్ ఉండాలి, మోడెమ్ ఉండాలి, కంప్యూటర్ ఉండాలి. నెట్ వాడుతున్నంతసేపూ ఇంటికి ఫోన్ చేసినవాళ్లకు ఎంగేజ్ వస్తుంది.

వీఎస్ఎన్ఎల్ కనెక్షన్‌తో పాటే మెయిల్ ఐడీ వచ్చేది. బెంగళూరువాళ్ల అడ్రసులో ఎట్ గుర్తు తరవాత "జీఐఏఎస్‌బీజీ01 డాట్ వీఎస్ఎన్ఎల్ డాట్ నెట్ డాట్ ఇన్" అని ఉండేది. ఫోన్‌లో ఎవరికైనా ఇది చెప్పి రాయించి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది. అందులో "బీజీ" అంటే బెంగళూరు. ఉత్తరం మీద పిన్‌కోడ్ లాగా మెయిల్ ఐడీలోనే ఊరు తెలిసేది. ఊరు మారితే, కనెక్షన్ డబ్బు కట్టకపోతే, అడ్రసు పోయేది.

ఇక్కడే హాట్‌మెయిల్ కథ వస్తుంది. దాన్ని కనిపెట్టిన ఇద్దరిలో ఒకరు మన ఊళ్లో చదువుకున్నాయనే. సబీర్ భాటియా పుట్టింది చండీగఢ్‌లో, కానీ స్కూలు చదువు బెంగళూరు సెయింట్ జోసెఫ్స్ బాయ్స్ హైస్కూల్‌లో. తరవాత పిలానీ బిట్స్‌లో చేరి, అక్కణ్ణుంచి 1988లో అమెరికా వెళ్లాడు. అక్కడ ఒక కంపెనీలో పనిచేస్తున్నప్పుడు ఆయనా, ఆయన స్నేహితుడు జాక్ స్మిత్ కలిసి సొంత కంపెనీ పెట్టాలని ఆలోచించేవాళ్లు. ఆ విషయాలు ఆఫీసు మెయిల్‌లో రాసుకుంటే పైవాళ్లు చదువుతారని భయం. అలాంటప్పుడు ఏ కంప్యూటర్ నుంచైనా, బ్రౌజర్‌లో తెరిచి చూసుకునే మెయిల్ ఉంటే ఎంత బాగుండును అనుకున్నారు. వాళ్ల కష్టమే వాళ్లకు ఐడియా ఇచ్చింది. 1996 జులై 4న, అమెరికా స్వాతంత్ర్య దినం నాడు, హాట్‌మెయిల్ మొదలైంది. మన వీఎస్ఎన్ఎల్ ఆగస్టు 15న, వాళ్ల హాట్‌మెయిల్ జులై 4న. రెండూ స్వాతంత్ర్య దినాలే కావడం నాకు సరదాగా అనిపించింది.

హాట్‌మెయిల్ ఉచితం. పేపర్లో, టీవీలో ప్రకటనలు ఇవ్వడానికి వాళ్ల దగ్గర డబ్బు లేదు. పెట్టుబడి పెట్టిన టిమ్ డ్రేపర్ ఒక ఉపాయం చెప్పాడు. ప్రతి మెయిల్ కింద "నీకూ ఉచితంగా మెయిల్ కావాలంటే హాట్‌మెయిల్‌లో తీసుకో" అనే అర్థం వచ్చే ఒక వాక్యం పెట్టమన్నాడు. అంటే ఉత్తరం రాసిన ప్రతివాడూ తెలియకుండానే పోస్టర్ అంటించినట్టు. భారతదేశంలోనూ స్వీడన్‌లోనూ ఏ ప్రచారమూ చేయకుండానే హాట్‌మెయిల్ మొదటి స్థానానికి వచ్చిందని ఆ పెట్టుబడిదారులే తరవాత రాసుకున్నారు. 1997 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ దాన్ని కొనేసింది. ధర సుమారు 40 కోట్ల డాలర్లు అని చెబుతారు. అప్పటికి హాట్‌మెయిల్ వాడేవాళ్లు 80 లక్షలకు పైనే, కంపెనీ వయసు ఏడాదిన్నర కూడా లేదు.

మన దేశంలో ఎందుకు అంత పాకింది? ఉచితం అనేది ఒక కారణం. అసలు కారణం ఇంకొకటి ఉంది. పాత పద్ధతి మెయిల్ కావాలంటే మీకు సొంత కంప్యూటర్ ఉండాలి, ఉత్తరాలు అందులోకి దిగుతాయి. హాట్‌మెయిల్‌కు కంప్యూటర్ మీది కానక్కర్లేదు. గంటకు ఇంత అని డబ్బిచ్చి కూర్చుంటే చాలు. కంప్యూటర్ లేని దేశానికి సరిగ్గా సరిపోయిన మెయిల్ అది. దానికి తగ్గట్టే 1996లోనే బెంగళూరు బ్రిగేడ్ రోడ్డులో వి.జి. సిద్ధార్థ మొదటి కేఫ్ కాఫీ డే తెరిచారు. ఇప్పుడు అందరూ దాన్ని కాఫీ షాపు అనుకుంటారు, అప్పుడు మాత్రం కాఫీతో పాటు ఇంటర్నెట్ దొరికే సైబర్ కేఫ్. తరవాత తరవాత ఎస్టీడీ బూత్ ఉన్న ప్రతి వీధిలో ఒక సైబర్ కేఫ్ లేచింది.

మా వీధిలో జెరాక్స్ షాపు నడిపే అంకుల్ ఒకప్పుడు సైబర్ కేఫ్ నడిపేవారు. ఆయనను అడిగితే చాలా విషయాలు చెప్పారు. "అప్పుడు మెయిల్ చేసేది నేనే బాబూ. వచ్చినవాళ్లకి పేరు టైప్ చేసేది, పాస్‌వర్డ్ చీటీ మీద రాసిచ్చేది కూడా నేనే. ఏది ఓపెన్ చేయమంటారని ఎవరూ అడిగేవాళ్లు కాదు, నాకు ఏది బాగా వస్తే అది చేసేవాణ్ణి" అన్నారు. చూశారా, ఏ మెయిల్ పాపులర్ అవుతుందో నిర్ణయించినవాళ్లలో ఇలాంటి అంకుల్స్ ఎందరో ఉన్నారు. ఏ లెక్కలోనూ వాళ్ల పేర్లు రావు.

ఆయన ఇంకో కష్టం కూడా చెప్పారు. ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని అడుగుతుంది. మన తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందు వస్తుంది. కొందరు ఇంటిపేరును ఫస్ట్ నేమ్‌లో పెట్టేవాళ్లు, కొందరు ఇనీషియల్ ఒక్కటే పెట్టేవాళ్లు. అటు తిప్పి ఇటు తిప్పి పెట్టినా శ్రీనివాస్, వెంకటేశ్, లక్ష్మి లాంటి పేర్లన్నీ ముందే అయిపోయేవి. చివర పుట్టిన సంవత్సరమో, బండి నంబరో తగిలించేవాళ్లట.

హాట్‌మెయిల్ గద్దె మీద ఎక్కువ కాలం ఒంటరిగా లేదు. యాహూ 1997 అక్టోబరులో మెయిల్ మొదలుపెట్టింది, 2000లో భారతదేశానికి వేరే సైట్ పెట్టింది. ముంబైలో అజిత్ బాలకృష్ణన్ 1996లో పెట్టిన రెడిఫ్ కూడా ఉచిత మెయిల్ ఇచ్చింది. క్రికెట్ స్కోరు, సినిమా వార్తలు, షేర్ల ధరలు చూడ్డానికి రెడిఫ్‌కు వెళ్లినవాళ్లు అక్కడే మెయిల్ కూడా తీసుకున్నారు. 1998 నవంబరులో ప్రైవేటు కంపెనీలు కూడా ఇంటర్నెట్ ఇవ్వొచ్చని ప్రభుత్వం అనుమతించాక మొదట వచ్చింది సత్యం ఇన్ఫోవే. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ పెట్టిన కంపెనీ అన్నమాట, తరవాత దాని పేరే సిఫీ. 1999లో అమెరికా నాస్‌డాక్ మార్కెట్‌లో చేరిన మొదటి భారతీయ ఇంటర్నెట్ కంపెనీ అదే. ఐవే పేరుతో సైబర్ కేఫ్‌లు కూడా నడిపింది. ఆ కాలం మెయిల్ పెట్టెలు ఎంత చిన్నవో చెప్తే నవ్వొస్తుంది. హాట్‌మెయిల్ ఇచ్చింది 2 ఎంబీ, యాహూ 4 నుంచి 6 ఎంబీ. ఇప్పటి ఫోన్‌లో తీసిన ఒక్క ఫోటో ఆ 2 ఎంబీలో పట్టదు. కొన్నాళ్లు లాగిన్ అవ్వకపోతే లోపలున్న ఉత్తరాలు తుడిచేసేవాళ్లు కూడా.

తెలుగువాళ్లుగా మనకు ఇంకో చిక్కు ఉండేది. మెయిల్ ఉంది, అందులో తెలుగు లేదు. "ఎలా ఉన్నావు" అనే మాటను ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలి. అమెరికా రైస్ యూనివర్సిటీలో చదువుకున్న తెలుగు విద్యార్థులు దీనికి ఒక పద్ధతి తయారుచేశారు, దాన్ని ఆర్‌టీఎస్ అంటారు. ఏ తెలుగు అక్షరానికి ఏ ఇంగ్లీషు అక్షరం వాడాలో అందులో నియమాలు ఉంటాయి. దీర్ఘానికి పెద్ద అక్షరం, అలాగ. యాహూ గ్రూప్స్‌లో నడిచిన రచ్చబండ అనే గుంపులో తెలుగు సాహిత్యం గురించి ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిచాయి. ఊళ్లో రావిచెట్టు కింద రచ్చబండ ఉంటుంది కదా, దాన్ని మెయిల్‌లోకి తెచ్చుకున్నారు. 2009 మార్చిలో జీమెయిల్‌లో తెలుగు, కన్నడం, తమిళం, మలయాళం, హిందీ టైప్ చేసే వీలు వచ్చింది. యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరు 15న పూర్తిగా మూతపడ్డాయి. లోపలి ఉత్తరాలు ముందే దాచుకున్నవాళ్లకు దక్కాయి, దాచుకోని గుంపులవి పోయాయి.

జీమెయిల్ వచ్చింది 2004 ఏప్రిల్ 1న. 1 జీబీ ఇస్తామంటే జనం ఏప్రిల్ ఫూల్ అనుకున్నారు. హాట్‌మెయిల్ పెట్టెకు అది సుమారు 500 రెట్లు మరి. పాల్ బుక్‌హైట్ అనే ఇంజనీరు దాన్ని తయారుచేశాడు. ఉత్తరాలు తుడవక్కర్లేదు, వెతుక్కుంటే చాలు అనేది ఆయన ఆలోచన. కానీ అందరికీ ఇవ్వలేదు. లోపల ఉన్నవాళ్లు పిలిస్తేనే రావాలి. 2007 ఫిబ్రవరి దాకా అలాగే నడిచింది. పెళ్లికి పిలుపు రాకపోతే ఎలా ఉంటుందో అలా ఉండేదట పిలుపు రానివాళ్లకు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు నిండిన బెంగళూరులో ఆ పిలుపులు ముందే చేరాయి. గూగుల్ కూడా 2004లోనే బెంగళూరు, హైదరాబాదుల్లో ఆఫీసులు తెరిచింది.

మిగతా కంపెనీలు గాభరాపడి పెట్టెలు పెద్దవి చేశాయి. యాహూ 2004 జూన్‌లో 100 ఎంబీ చేసింది, 2007లో ఎంతైనా పెట్టుకోండి అంది. రెడిఫ్ కూడా 1 జీబీ ఇచ్చింది. చోటు ఒక్కటే కారణమైతే అప్పుడే పోటీ సమానం అయిపోవాలి. కాలేదు. జీమెయిల్ పెరుగుతూనే పోయింది. 2012 జూన్‌లో గూగుల్ తమకు 42.5 కోట్ల మంది ఉన్నారని ప్రకటించింది. అదే ఏడాది అక్టోబరుకు కామ్‌స్కోర్ అనే సంస్థ ఇచ్చిన లెక్క వేరు. జీమెయిల్ 28.8 కోట్లు, హాట్‌మెయిల్ 28.6 కోట్లు, యాహూ 28.2 కోట్లు. ఒకే ఏడాదిలో రెండు లెక్కల మధ్య ఇంత తేడా ఎందుకంటే, ఒకరు లెక్కపెట్టింది తమ దగ్గర ఖాతాలు వాడేవాళ్లను, ఇంకొకరు బ్రౌజర్‌లో సైట్‌కు వచ్చినవాళ్లను. మెయిల్ లెక్కలు చదివేటప్పుడు ఎవరు లెక్కపెట్టారు, దేన్ని లెక్కపెట్టారు అని అడగాలి. ఎన్నికల సర్వేలకు కూడా ఇదే వర్తిస్తుందని మా సోషల్ టీచర్ అంటారు.

2013 సంవత్సరం చూడండి. ఫిబ్రవరిలో ఇండియాటైమ్స్ మెయిల్ మూసేశారు. మే నెలకల్లా హాట్‌మెయిల్ ఖాతాలన్నిటినీ అవుట్‌లుక్‌లో కలిపేశారు. జులైలో మన దేశంలో టెలిగ్రాం కూడా ఆగిపోయింది. తరవాతి ఏడాది ఫిబ్రవరిలో మన హైదరాబాదు సత్య నాదెళ్ల, ఇక్కడే మణిపాల్‌లో ఇంజనీరింగ్ చదివినాయన, మైక్రోసాఫ్ట్ అధిపతి అయ్యేసరికి హాట్‌మెయిల్ పేరు ఆ కంపెనీలో లేదు. యాహూ కథ ఇంకా బాధాకరం. 2013లో జరిగిన దొంగతనంలో మొత్తం 300 కోట్ల ఖాతాల సమాచారం పోయిందని 2017లో ఒప్పుకున్నారు.

ఇక మూడో తలుపు ఫోన్. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ప్లే స్టోర్ నుంచి యాప్ దించుకోవాలంటే గూగుల్ ఖాతా కావాలి. గూగుల్ ఖాతా తెరిస్తే మామూలుగా జీమెయిల్ కూడా దానితోనే వస్తుంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవక అయ్యాక లక్షల ఇళ్లలోకి మొదటి కంప్యూటర్‌గా ఫోనే వచ్చింది. 2018 నాటికి జీమెయిల్ 150 కోట్లకు చేరింది. వీళ్లలో చాలామంది మెయిల్ కావాలని వచ్చినవాళ్లు కారు, వాట్సాప్ కావాలని వచ్చారు.

మా అమ్మ కూడా ఆ 150 కోట్లలో ఉండే ఉంటుంది. అమ్మ ఇప్పటిదాకా ఒక్క మెయిల్ కూడా పంపలేదు. ఫోన్ కొన్న షాపులో అబ్బాయి జీమెయిల్ పెట్టి ఇచ్చాడు. పాస్‌వర్డ్ ఏంటో అమ్మకు తెలియదు, ఐడీ కూడా నేను సెట్టింగ్స్‌లో చూసి చెప్పాను. సైబర్ కేఫ్ అంకుల్ రాసిచ్చిన చీటీ అయినా జేబులో ఉండేది, ఇప్పుడు ఆ చీటీ కూడా లేదు.

మా అమ్మమ్మ దగ్గర ఒక ఇనప్పెట్టె ఉంది. చిత్తూరు జిల్లా నుంచి బెంగళూరుకు తాతయ్య పనికి వచ్చినప్పుడు రాసిన నీలం ఇన్‌లాండ్ ఉత్తరాలు అందులో ఉన్నాయి. మా పిన్ని దుబాయ్‌లో ఉన్నప్పుడు రాసిన మెయిల్స్ మాత్రం ఒక్కటీ లేవు. మామయ్య వాటిని ఒక ఉచిత మెయిల్‌లో ఉంచాడు, చాలా రోజులు తెరవలేదు, తెరిచేసరికి ఖాళీ. తాతయ్య చేతిరాత ఎలా ఉంటుందో నాకు తెలుసు. పిన్ని ఆ రోజుల్లో ఏం రాసిందో ఇంట్లో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. గూగుల్ కూడా 2023 డిసెంబరు నుంచి రెండేళ్లు వాడని ఖాతాలు తీసేయడం మొదలుపెట్టింది.

మళ్లీ ఒక మార్పు మొదలైనట్టుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల మెయిల్‌ను ఇప్పుడు జోహో నడుపుతోంది. అది తమిళనాడుకు చెందిన శ్రీధర్ వెంబు కంపెనీ, జోహో మెయిల్ 2008 నుంచి ఉంది. 2025 అక్టోబరులో హోంమంత్రి అమిత్ షా తాను కూడా జోహో మెయిల్‌కు మారానని ప్రకటించారు. ఇది నాలుగో తలుపు అవుతుందా అంటే నాకు నమ్మకం తక్కువ. ప్రభుత్వ ఆఫీసులకు మెయిల్ మారడం వేరు, కొత్త ఫోన్ పెట్టె విప్పగానే కనిపించేది మారడం వేరు.

వచ్చే నెల మాకు స్కాలర్‌షిప్ ఫారాలు నింపాలి. అందులో మెయిల్ ఐడీ గడి ఉంటుంది. పోయినసారి మా సీనియర్లలో కొందరు ఆ గడిలో నెట్ సెంటర్ వాళ్ల మెయిల్ ఐడీనే రాయించుకున్నారు, దానికి వచ్చిన కబురు వాళ్లకు చేరలేదు. ఈసారి నేనూ నా స్నేహితుడూ కలిసి మా క్లాసువాళ్ల అమ్మానాన్నల ఫోన్లలో ఉన్న ఐడీలు చూసి, పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లకు కొత్తది పెట్టించి, డైరీలో రాసి ఇస్తున్నాం. ఇప్పటికి మా బెంచీ వరకు అయింది.